పోటీ నుంచి ఉత్సవానికి: ఔత్సాహిక పియానో వేదిక పరిణామం

ఔత్సాహిక కళాకారుడంటే అరకొర విద్వత్తు గలవాడనే భావన సంగీతలోకంలో బలంగా ఉంది. ఆర్థికశాస్త్రాచార్యుడు గెరార్ బెకెర్మాన్ 1989లో పారిస్‌లో ప్రారంభించిన ఔత్సాహికుల పియానో పోటీ ఆ భావనను ప్రశ్నించింది. 1999లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ఫోర్ట్‌వర్త్ నగరంలోనూ ఇటువంటి పోటీ మొదలైంది.

అందుకు తగిన నేపథ్యం ఆ నగరానికి అప్పటికే ఉంది. 1958లో మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీ గెలిచిన వాన్ క్లైబర్న్ పేరిట, స్థానిక సంగీతోపాధ్యాయులు, పౌరుల చొరవతో 1962లో అక్కడ అంతర్జాతీయ పోటీ ఏర్పడింది. పోటీదారులకు నగరవాసులు తమ ఇళ్లలోనే బస, సాధనకు పియానో సమకూర్చారు.

ఔత్సాహికుల పోటీ ఈ బంధాన్ని విస్తరింపజేసింది. 35 ఏళ్లు నిండి, పియానో వాదనగాని బోధనగాని ప్రధాన జీవనోపాధి కానివారే దీనికి అర్హులు. వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు వేదికనెక్కారు. బహుమతి మీద వారి బతుకుదెరువు ఆధారపడలేదు కనుక గెలుపు కన్నా పాల్గొనడం ప్రధానమైంది; వాదకునికీ శ్రోతకూ మధ్య దూరం తగ్గింది. అయినా వడపోత దశలు, న్యాయనిర్ణేతల తీర్పు కొనసాగాయి. అంటే ప్రమాణాన్ని వదులుకోకుండానే పోటీ సామాజికోత్సవ స్వభావాన్ని సంతరించుకుంది. ఇటువంటి వేదికల చరిత్రను విజేతల జాబితాగానే రాస్తే, ఆతిథ్యమిచ్చిన కుటుంబాల పాత్ర మరుగున పడుతుంది.