ఢిల్లీ శరణార్థి తల్లులు: ఉద్ధరణము, పునర్నిర్మాణము

యుద్ధములకును, దేశవిభజనలకును తేదీలు గలవు. అవి ముగిసిన దినమును చరిత్రకారుడు గ్రంథస్థము చేయును. కాని ఇల్లు గోల్పోయి, బిడ్డ నెత్తుకొని పరనగరము చేరిన తల్లికి అవి ఏనాడు ముగిసినవో చెప్పుట కష్టము. వెలుపలి హింస శమించిన పిమ్మట ఇంటిలోని హింస ఆమెకు ఎదురు కావచ్చును. మొదటిదానిని మన రాజ్యము 1947లోనే గుర్తించెను. రెండవదానిని గుర్తించుటకు దశాబ్దములు పట్టెను. ఈ నడిమి కాలపు కథ ఢిల్లీ నగరమున స్పష్టముగా గోచరించును.

1941లో సుమారు 9 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటెను. అందులో పశ్చిమ పంజాబు, సింధు, వాయవ్య సరిహద్దు ప్రాంతములనుండి వచ్చిన శరణార్థులే దాదాపు 5 లక్షలు. కింగ్స్‌వే శిబిరము నిండిపోయెను. రాజేంద్రనగర్, పటేల్‌నగర్, లజపత్‌నగర్ వంటి పేటలు వెలసెను. దిక్కులేని స్త్రీలకును, వారి బిడ్డలకును లజపత్‌నగర్‌లోని కస్తూర్బా నికేతనము నీడ నిచ్చెను. కేంద్ర పునరావాస శాఖలో రామేశ్వరీ నెహ్రూ ఆధ్వర్యవమున స్త్రీల విభాగ మొకటి పనిచేసెను. కుట్టుపని, అల్లికపని నేర్చి తమ బిడ్డలను తామే పోషించుకొన్న తల్లు లెందరో.

అపహృతలైన స్త్రీల కథ వేరు. వారిని వెదకి స్వజనులకు అప్పగింపవలెనని 1947 డిసెంబరు 6న ఉభయదేశములును ఒడంబడిక చేసికొనెను. 1949లో భారతదేశమున అందులకై శాసన మేర్పడెను. అది 1957 వరకు అమలులో నుండెను. ఈ కృషివలన ఉభయదేశములలో సుమారు 30,000 మంది స్త్రీలు ఉద్ధరింపబడిరి. కాని ఆ శాసనము స్త్రీ ఇచ్ఛను ప్రమాణముగా గైకొనలేదు. ఆమె వయస్సెంతయైనను, ఆమె యేమి చెప్పినను, ఆమె నెచ్చటికి పంపవలెనో నిర్ణయించువా రితరులే. చెరలో పుట్టిన బిడ్డతో వెళ్లవలెనా, బిడ్డను విడిచి వెళ్లవలెనా అను ప్రశ్న పెక్కుమంది తల్లులను దహించెను.

రాజ్యాంగసభలో ఆ చట్టమును సమర్థించిన వారిలో మన దుర్గాబాయి యొకరు. బాల్యవివాహమును స్వనిర్ణయముతో విడిచివచ్చిన ఆమెయే, పరస్త్రీల నిర్ణయము నడుగని చట్టమును బలపరచుట విపరీతముగా దోచును. కాని ఆమె వాదములో నొక సత్యము గలదు. వేరు గతి లేని స్త్రీ 'ఇచ్చటనే యుందు' ననినచో, అది ఇచ్ఛయా, నిస్సహాయతయా? లోప మెచ్చటననగా, ఈ ప్రశ్నను అపహర్త యింటివిషయముననే వేసిరి. పుట్టినింటివిషయమునను, మెట్టినింటివిషయమునను వేయలేదు. స్వగృహ మనగానే అది అభయస్థానమని అందరును నమ్మిరి.

ఈ నమ్మకమును ప్రశ్నించినది సాహిత్యము. రాజేంద్రసింగ్ బేడీ ఉర్దూకథ 'లాజ్వంతీ'లో భర్త విభజనకు ముందు భార్యను కొట్టెడివాడు. ఆమె తిరిగి వచ్చిన పిమ్మట దేవి యని పూజించును గాని, ఆమె చెప్పదలచిన బాధను మాత్రము వినడు. దెబ్బ పోయినది, మాట రాలేదు.

దుర్గాబాయి అనంతరకృషి ఆ 'వేరు గతి'ని కల్పించుటకే యనవచ్చును. 1953లో స్థాపితమైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె ప్రథమాధ్యక్షురాలు. నడుమ చదువు మానిన వయోజన స్త్రీలను స్వల్పకాలములో పరీక్షలకు సిద్ధపరచు విద్యాక్రమమును ఆ మండలి 1958లో ఆరంభించెను. దానికి బీజము మదరాసు ఆంధ్ర మహిళాసభలో ఆమె గడించిన అనుభవమే. చైనా పర్యటనలో చూచిన కుటుంబ న్యాయస్థానములు మనకును కావలెనని ఆమె కోరెను. ఆ చట్టము 1984లో వచ్చునప్పటికి ఆమె జీవించి లేదు.

భర్త, అతని బంధువులు చేయు క్రూరత్వము 1983లో ప్రత్యేక నేరమయ్యెను. గృహహింసనుండి రక్షణనిచ్చు 2005నాటి చట్టము, బాధితురాలిని తానున్న ఇంటినుండి వెడలగొట్టరాదని చెప్పెను. ఆ చట్టము రక్షణ కోరదగినవారిని పేర్కొనునపుడు 'స్త్రీ' యనెనే గాని 'పౌరురాలు' అనలేదు. ఈ పదమునకు లజపత్‌నగర్‌లో ప్రత్యేకార్థము గలదు. నాటి శరణార్థుల పేటలోనే తరువాతి కాలమున అఫ్గానిస్తాన యుద్ధములనుండి తప్పించుకొని వచ్చిన కుటుంబములు తలదాచుకొన్నవి. శరణార్థులను గూర్చిన 1951నాటి అంతర్జాతీయ ఒప్పందముపై మన దేశము సంతకము చేయలేదు. అట్టి తల్లి ఇంటిలో దెబ్బలు తిన్నచో చట్టపు తలుపు మూసి లేదు. కాని అచ్చటికి నడచిపోవుటకు భాష కావలెను, బిడ్డకు బడి కావలెను, అద్దెకు చాలినంత సంపాదన కావలెను.

ఉద్ధరించిన స్త్రీల సంఖ్య ప్రభుత్వపత్రములలో దొరకును. పిమ్మట ఆమె ఏ ఇంటిలో, ఎవరి యిష్టముపై నివసించెనో ఆ పత్రములు చెప్పవు. ఆమె నడిగి వ్రాయవలసిన చరిత్ర అది.