కప్పు – లీగు: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో జిల్లాల స్థానం

1. ఉపోద్ఘాతం

ప్రపంచంలో ఫుట్‌బాల్ పోటీలు ప్రధానంగా రెండు విధాలు. ఓడిన జట్టు వెంటనే నిష్క్రమించేది కప్పు పోటీ. ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నింటితో ఆడి పాయింట్లు కూడబెట్టుకొనేది లీగు. ఈ భేదం నిబంధనలకే పరిమితం కాదు. ఒక ప్రాంతంలో ఆట వేళ్లూనుకోవడం కూడా దీనిపై కొంత ఆధారపడి ఉంటుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవాన్నీ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల స్థితినీ ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు పద్ధతుల చరిత్ర

ఇంగ్లండులో ఎఫ్.ఎ. కప్పు 1871-72లో మొదలైంది. 1888లో 12 జట్లతో ఫుట్‌బాల్ లీగు ఏర్పడింది. 1892లో దానికి రెండవ శ్రేణి చేరింది. గెలిచినవారు పై శ్రేణికి చేరడం, వెనుకబడినవారు కిందికి దిగడం క్రమంగా స్థిరపడ్డాయి. చిన్న పట్టణపు జట్టుకు కూడా క్రమబద్ధమైన ఆటలు, పైకి వెళ్లే దారి ఏర్పడ్డాయి.

అదే 1888లో మన దేశంలో సిమ్లా ప్రాంతాన డ్యూరాండ్ కప్పు ఆరంభమైంది. బొంబాయిలో రోవర్స్ కప్పు (1891), కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు (1893), రాష్ట్ర జట్లకు సంతోష్ ట్రోఫీ (1941) వచ్చాయి. కలకత్తా వంటి నగరాలకు సొంత లీగులున్నా, జాతీయ లీగు మాత్రం 1996 వరకు లేదు.

3. హైదరాబాదు కప్పుల యుగం

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పునూ సాధించింది. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58లలో హైదరాబాదుకు, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది.

అయితే పోలీసు జట్టుకు ఆధారం ఊరు కాదు, ఉద్యోగం. శాఖ నియామకాలు, పోషకుల ఆసక్తి ఉన్నంతకాలమే అటువంటి జట్టు నిలుస్తుంది. సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరామ్ కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో చేరి పేరుపొందాడు. 1963లో రహీమ్ మరణించాడు. ఆయన స్థానాన్ని భర్తీ చేయగల వ్యవస్థ రాష్ట్రంలో ఏర్పడలేదు.

4. రైలు, బొగ్గు, ఫుట్‌బాల్

పై మూడు పట్టణాలూ 2016 పునర్విభజన వరకు వరంగల్లు జిల్లాలోనివే. జనగామ, మహబూబాబాద్ రైలు మార్గంలోని పట్టణాలు. భూపాలపల్లి సింగరేణి బొగ్గు ప్రాంతం. ఫుట్‌బాల్ చరిత్రలో రైలుకూ, బొగ్గుకూ ప్రత్యేక స్థానముంది. నేటి మాంచెస్టర్ యునైటెడ్ 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికుల జట్టుగా పుట్టింది. జర్మనీలోని షాల్కే 04 గని కార్మికుల క్లబ్బుగా ప్రసిద్ధి. 1958లో కలకత్తా లీగును గెలిచింది ఈస్టర్న్ రైల్వే.

ఈ ఉదాహరణలన్నింటిలో కార్మికులతో పాటు లీగు కూడా ఉంది. పని ముగిశాక ఆడే జట్టుకు వచ్చే వారం ఆట ఎవరితోనో ముందే తెలుసు. కప్పు పోటీలో తొలిరోజే ఓడిన ఊరికి ఆ ఏటి ఆట అంతటితో ముగుస్తుంది. అందువల్ల శ్రామిక పట్టణం తనంతట తాను ఫుట్‌బాల్ పట్టణం కాలేదు.

5. ముగింపు

2014లో ఆరంభమైన ఇండియన్ సూపర్ లీగు ఫ్రాంచైజీలపై నిలిచింది. 2021-22లో హైదరాబాద్ ఎఫ్.సి. దాని విజేత. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఉద్యోగం మీద నిలిచిన పోలీసు జట్టుకూ, పెట్టుబడి మీద నిలిచిన ఫ్రాంచైజీకీ ఉన్న బలహీనత ఒకటే: రెండింటికీ ఊళ్ల నుండి ఎదిగి వచ్చే మెట్లు లేవు. పూర్వ వరంగల్లు పట్టణాల మధ్య ఏటా క్రమం తప్పక సాగే చిన్న లీగు ఆ మెట్లలో మొదటిది కాగలదు. రహీమ్ వారసత్వాన్ని స్మరించడం కంటే దాన్ని జిల్లాలకు చేర్చడమే ఇప్పటి అవసరం.