హెపటైటిస్ బి నిర్మూలన: భారతదేశంలో అవరోధాలు

హెపటైటిస్ బి కాలేయానికి సోకే వైరస్ వ్యాధి. కలుషిత రక్తం, సూదులు, లైంగిక సంపర్కం వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వ్యాపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 25.4 కోట్ల మందికి, భారతదేశంలో 2.98 కోట్ల మందికి ఈ వైరస్ ఉంది. చైనా తర్వాత అత్యధికులు మన దేశంలోనే. 2030 నాటికి కొత్త కేసులను 90 శాతం, మరణాలను 65 శాతం తగ్గించాలని ఆ సంస్థ 2016లో లక్ష్యం పెట్టుకుంది. టీకా ఉంది, మాత్ర ఉంది. అయినా 2022 చివరికి తమకు జబ్బు ఉందని తెలిసినవారు ప్రపంచం మొత్తం మీద 13 శాతమే, మందులు అందినవారు దాదాపు 3 శాతమే.

పుట్టిన మొదటి 24 గంటలు

వైరస్ జాడను 1960లలో కనిపెట్టిన బారుక్ బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. 1980లలో టీకా వచ్చినా, దిగుమతి ధర సామాన్యులకు అందేది కాదు. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్‌వాక్-బి తెచ్చాక ఆ ధర దిగివచ్చింది. ప్రభుత్వం 2002-03లో కొన్ని నగరాలు, జిల్లాల్లో మొదలుపెట్టిన ఈ టీకా 2007-08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు, 2011 నుంచి దేశమంతటికీ విస్తరించింది.

ఇప్పుడు చిక్కు ధర కాదు, వేళ. పెద్దవయసులో సోకితే వైరస్ ఒంట్లో నిలిచిపోయేది 5 శాతం లోపు మందిలోనే. పుట్టుకతో సోకితే పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది దీర్ఘకాలిక వ్యాధిగా మారుతుంది. అందుకే తొలి డోసు 24 గంటల్లోపే పడాలి. కాన్పుల వార్డులో అది తప్పిపోయే తీరు చూడండి. సీసాలో పది డోసులుంటాయి. రాత్రివేళ పుట్టిన ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతా తొమ్మిది వృథా అవుతాయన్న భయంతో సిబ్బంది వాయిదా వేస్తారు. ఈలోగా తల్లి డిశ్చార్జి అయిపోతుంది. నిజానికి తెరిచిన సీసాను నిబంధనల ప్రకారం చల్లగా భద్రపరిస్తే 28 రోజుల వరకు వాడవచ్చు. అయితే గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకడితే ఆ టీకా పనికిరాదు.

తల్లికి పాజిటివ్ అయితే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు. తల్లి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటే గర్భంతో ఉండగానే టెనోఫోవిర్ మొదలుపెడతారు. వైరస్ మోతాదు కొలిచే పరీక్ష లేనిచోట పాజిటివ్ గర్భిణులందరికీ ఆ మాత్ర ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిన్న ఆసుపత్రులకు ఇది పెద్ద వెసులుబాటు.

వైరస్ వ్యాపించడానికి వాడిన సిరంజినే మళ్ళీ వాడటం మరో దారి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో అలాగే ఈ జబ్బు ప్రబలి పలువురు చనిపోయారు.

చికిత్స

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. పరీక్షలు, మందులు ఉచితం. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వైరస్‌ను అణచి ఉంచుతాయి గానీ పూర్తిగా తుడిచిపెట్టవు. దాని జన్యుపదార్థం కాలేయ కణాల కేంద్రకంలో దాగి ఉంటుంది. అందువల్ల చాలామంది ఏళ్ళ తరబడి మాత్ర వేసుకోవాలి. సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

దశాబ్దాల పాటు ఏ బాధా తెలియకపోవడం ఈ జబ్బులోని మోసం. కామెర్లు కనబడినా చాలామంది ముందు పసరు మందుకే వెళతారు. పెద్దవాళ్ళలో కొత్తగా సోకిన జబ్బు ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది, ఆ పేరు పసరుకు దక్కుతుంది. రక్తపరీక్ష జరగదు. వైరస్ నిలిచిపోయిన కొద్దిమందిలో కొందరు సిరోసిస్‌తోనో కాలేయ క్యాన్సర్‌తోనో ఆసుపత్రికి చేరతారు.

పరీక్ష అంటే భయం

అన్నిటికన్నా మొండి అవరోధం ఈ భయమే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారికి వీసా మెడికల్‌లో హెపటైటిస్ బి పరీక్ష ఉంటుంది. పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన మనిషికి ఆ కాగితం జబ్బు కబురు కన్నా ముందు బతుకుదెరువు పోయిన కబురు. దాన్ని దాచిపెట్టడం సహజం, డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడమూ సహజమే. కలిసి తింటే, చేయి కలిపితే ఇది అంటదు. కూలి పనికి ఇది అడ్డు కావడానికి వైద్యపరమైన కారణం లేదు. ఎయిడ్స్ రోగులపై వివక్షను నిషేధిస్తూ మన దేశం 2017లో చట్టం చేసింది. చైనా 2010లోనే ఉద్యోగాల్లో, బడుల్లో చేర్చుకునేటప్పుడు హెపటైటిస్ బి పరీక్ష అడగడాన్ని నిషేధించింది. హెపటైటిస్ బి ఉన్నవారికి ఇక్కడా అలాంటి రక్షణ కావాలి. మెడికల్‌లో తప్పినవారిని అక్కడి నుంచే జిల్లా ఆసుపత్రిలోని చికిత్స కేంద్రానికి పంపే ఏర్పాటూ ఉండాలి. అప్పుడు ఆ ఒక్క కాగితంతో ఇంట్లో భార్యాపిల్లలకు కూడా పరీక్ష చేసి, సోకనివారికి టీకా వేయవచ్చు.