మన ఇళ్ళలోని ఫౌజీల మాట: మాజీ సైనికుల జ్ఞాపకాలు రికార్డు చేసి దాచుకోవడం

ఢిల్లీలో ఇండియా గేటు పక్కన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత విధుల్లో ప్రాణాలు వదిలిన పాతిక వేల పైచిలుకు సైనికుల పేర్లు అక్కడ గ్రానైట్ పలకల మీద చెక్కారు. ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళకి అలాంటి గోడ ఏదీ లేదు. పదిహేనేళ్ళో ఇరవై నాలుగేళ్ళో నౌకరీ చేసి ఇంటికొచ్చినాయన దగ్గర ఉండేది డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితం, క్యాంటీన్ కార్డు, ఒక నల్ల ట్రంకు పెట్టె. మిగతాదంతా ఆయన జ్ఞాపకంలోనే ఉంటుంది.

జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్ళో ఈ మనుషుల్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చున్న పెద్దాయన, ఫజర్ నమాజుకి అందరికంటే ముందొచ్చి మొదటి సఫ్‌లో నిలబడే చాచా, వీళ్ళలో ఒకరిద్దరు తప్పకుండా ఫౌజులో పనిచేసినవాళ్ళే అయి ఉంటారు. అయితే లెక్క వేసుకుని చూడండి. 1971 డిసెంబరు యుద్ధంలో ఇరవై ఏళ్ళున్న జవాను ఇప్పుడు డెబ్భై అయిదుకి చేరుకున్నాడు. 1965 వాళ్ళు ఎనభై దాటారు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇంకా ఉంటే వందకి దగ్గర. శ్రీలంకకి (1987–90) వెళ్ళినవాళ్ళు, కార్గిల్ (1999) వాళ్ళు మాత్రమే ఇంకా గట్టిగా తిరుగుతున్నారు.

మన చుట్టుపక్కల దీనికి పేరున్న ఊరు తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం. అందరూ 'మిలిటరీ మాధవరం' అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి మనుషులు వెళ్ళారు. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరుతూనే ఉన్నారు. ఊరంతా ఫౌజే కాబట్టి అక్కడ ఒకరి మాట ఇంకొకరు గుర్తుచేస్తారు. వీధికి ఒక్క ఫౌజీ ఉన్న మన ఊళ్ళలో అలా గుర్తుచేసేవాళ్ళు ఉండరు. అందుకే ఇక్కడ రికార్డు చేయడం ఇంకా అవసరం.

ఇదివరకు ఎవరు చేశారు?

సైనికుల గొంతు రికార్డు చేయడం కొత్తేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి పట్టుబడిన భారతీయ సిపాయిలు కొందరిని బెర్లిన్ దగ్గర వున్స్‌డార్ఫ్‌లోని 'హాఫ్ మూన్ క్యాంప్'లో ఉంచారు. ఖైదీల్లో ముస్లింలు ఎక్కువ కాబట్టి 1915లో అక్కడ చెక్కతో ఒక మసీదు కూడా కట్టించారు. భాషల మీద పరిశోధన చేసే జర్మన్ పండితులు వచ్చి ఆ ఖైదీల గొంతుల్ని రికార్డుల మీద ఎక్కించారు. అవి ఇప్పటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాళ్ళకి కావాల్సింది భాష, మనిషి కథ కాదు. అయినా 1916 డిసెంబరులో మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి ఆ యంత్రం ముందు తన కథే చెప్పుకున్నాడు. ఎవరో వేరే మనిషి గురించి చెబుతున్నట్టు, ఇల్లు, ఇంట్లో తిన్న వెన్న, తిరిగి వెళ్ళాలన్న కోరిక, అన్నీ ఒక్క నిమిషం పైచిలుకులో చెప్పేశాడు. వందేళ్ళు దాటినా ఆ గొంతు వినబడుతోంది.

మన హైదరాబాదు మనిషి ఆబిద్ హసన్ సఫ్రానీ సంగతి వేరు. 1943లో నేతాజీతో పాటు జలాంతర్గామిలో జర్మనీ నుంచి తూర్పుకి ప్రయాణం చేసినాయన, ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారి. 'జైహింద్' నినాదం ఆయనదేనని చెబుతారు. ఇంఫాల్ నుంచి వెనక్కి నడిచి వచ్చిన సైనికుల గురించి ఆయన చెప్పినది అచ్చులో మిగిలింది. అధికారి, చదువుకున్నవాడు, తర్వాత విదేశాంగ శాఖలో పనిచేసినవాడు కాబట్టి ఆయన మాట వినడానికి మనుషులున్నారు. అదే ఫౌజులో వంట చేసినవాడి మాట ఎక్కడుంది?

ఈ లోటు తీర్చడానికే అమెరికాలో 2000లో పార్లమెంటు చట్టం చేసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 'వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్' పెట్టింది. వాళ్ళ నియమాలు తేలికే: ఇంటర్వ్యూ కనీసం 30 నిమిషాలు ఉండాలి, కత్తిరింపులు చేయకూడదు. యుద్ధరంగంలో ఉన్నా లేకపోయినా ఎవరైనా ఇవ్వొచ్చు. అడిగేది కూడా పండితులే కానక్కర్లేదు, మనవడో పక్కింటివాళ్ళో చాలు. దేశ విభజన చూసినవాళ్ళ జ్ఞాపకాల కోసం '1947 పార్టిషన్ ఆర్కైవ్' కూడా ఇదే పద్ధతిలో మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి వేల ఇంటర్వ్యూలు చేయించింది. అంటే ఇంట్లో కూర్చుని మనమూ చేసుకోగలిగిన పనే.

ఎలా కూర్చోవాలి, ఏం అడగాలి

ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోతుంది. కాలరుకి తగిలించే చిన్న మైకు ఉంటే మరీ మంచిది. ఫ్యాను చప్పుడు, కుక్కరు విజిలు చెవికి పెద్దగా తెలియవు గానీ రికార్డింగులో మాటని మింగేస్తాయి. అజాన్ వస్తే ఆపి, అయ్యాక మళ్ళీ మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకి గంట దాటితే అలసట వస్తుంది, రెండు మూడు రోజులు విడివిడిగా కూర్చోవడం మేలు. మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు అడుగుతున్నారు అన్నది చెప్పి, "ఇది దాచిపెడతాం, తర్వాత వేరేవాళ్ళు వినొచ్చా?" అని అడిగి ఆయన జవాబు కూడా రికార్డులోనే ఉంచండి.

"యుద్ధం గురించి చెప్పండి దాదా" అంటే చాలామంది "ఏముంది చెప్పడానికి" అని ఊరుకుంటారు. యుద్ధం దగ్గర మొదలుపెట్టకండి, భర్తీ దగ్గర మొదలుపెట్టండి. భర్తీ ఉందని ఎవరు చెప్పారు? ఛాతీ కొలిచినప్పుడు ఏమైంది? ఇంట్లో అమ్మీ ఏమన్నారు? మొదటిసారి రైలెక్కింది ఎక్కడ? మొదటి జీతం ఎంత, మనియార్డరు ఎంత పంపారు? ఈ చిన్న ప్రశ్నలకి జవాబులు వస్తుంటే పెద్ద సంగతులు వాటంతట అవే బయటికొస్తాయి. ఆయన ఆగిపోతే మీరూ ఆగండి. ఆ మౌనాన్ని నింపడానికి ఇంకో ప్రశ్న వేయకండి. కళ్ళనీళ్ళు వస్తే రికార్డింగ్ ఆపాలా వద్దా అని ఆయన్నే అడగండి.

మనవాళ్ళని తప్పకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పల్టన్‌లో రోజాలు ఎలా ఉండేవారు, సెహ్రీకి లంగర్‌లో ఎవరు లేచేవారు, ఈద్ నమాజు ఎక్కడ చదివారు, యూనిట్‌లో మౌల్వీ ఉండేవారా (సైన్యంలో పండిత్, గ్రంథీ, పాద్రీలాగే మౌల్వీ కూడా జేసీఓ హోదాలో ఉంటారు). ఇంకోటి, ఎవరో ఒకరు అడిగే తీరుతారు: అవతలివైపు కూడా కలిమా చదివేవాళ్ళే కదా, అప్పుడు మీకేమనిపించింది? దీనికి జవాబు మీరు అందించకండి. 1948లో నౌషేరాని నిలబెట్టి, అదే జులైలో ఝంగర్‌లో ప్రాణం ఇచ్చిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్, 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర ట్యాంకుల్ని పడగొట్టి పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్, ఈ రెండు పేర్లే ఎప్పుడూ ముందుకొస్తాయి. గోదావరి జిల్లా లారీ డ్రైవరు హవల్దారు తన మాటల్లో ఏం చెబుతాడో ఎక్కడా రాసి లేదు. గర్వంగా చెప్పినా, చిరాకు పడినా, నవ్వేసి ఊరుకున్నా అలాగే ఉండనివ్వండి.

భాష దిద్దకండి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, ఫౌజు హిందీ, మూడూ కలిపి మాట్లాడతారు. పల్టన్, లంగర్, ఛుట్టీ, బిస్తరా, గస్తీ లాంటి మాటలకి అర్థాలు పక్కన రాసుకోండి, మనవలకి అక్కరకొస్తాయి.

బేగం సాహెబాని కూడా విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆయన సరిహద్దులో ఉన్నప్పుడు ఇక్కడ పిల్లల్ని, పొలాన్ని, అత్తమామల్ని చూసుకున్నది ఆమే. ఉత్తరాలు ఆలస్యమైన నెలల గురించి ఆయనకేం తెలుసు!

కాగితాలతో సరిచూడటం

జ్ఞాపకం తారీఖుల్ని కలిపేస్తుంది, అది సహజం. ట్రంకు పెట్టె తెరిపించండి. డిశ్చార్జి బుక్కులో నంబరు, యూనిట్, చేరిన తేదీ ఉంటాయి. పతకాల మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. 1971లో పూర్వీ స్టార్ అంటే తూర్పువైపు, పశ్చిమీ స్టార్ అంటే పడమటివైపు. ఇన్‌లాండ్ కవరు మీద 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఉంటే ఊరి పేరు దొరకదు గానీ తపాలా ముద్ర మీది తేదీ పనికొస్తుంది. తేదీ తేడా వస్తే ఆయన్ని తప్పుపట్టకండి, పక్కన ఒక గమనిక రాసుకుంటే చాలు.

మనవాళ్ళ పేర్లతో ఒక చిక్కుంది. 'షేక్' ఒకచోట పూర్తిగా, ఇంకోచోట 'ఎస్.కె.' అని, మరోచోట అసలు లేకుండా ఉంటుంది. వలీ, సాహెబ్ కొన్నిసార్లు రాలిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన తాతల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఇంటర్నెట్‌లోనే వెతకొచ్చు, ఇంఫాల్‌లో భారతీయ సైనికులకి విడిగా సమాధి స్థలం కూడా ఉంది. ఒక స్పెల్లింగుతో దొరకలేదని వదిలేయకండి, సర్వీసు నంబరు ఉంటే దాంతో చూడండి.

ఏవి బయట పెట్టకూడదు, ఎక్కడ దాచాలి

1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్ళకీ వర్తిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న స్థావరాలు, పరికరాలు, సంకేతాల జోలికి వెళ్ళొద్దు. బతికున్న సహచరుల గురించి ఎవరైనా నిష్ఠూరంగా మాట్లాడితే ఆ భాగాన్ని ఇంటికే పరిమితం చేయండి. రికార్డింగ్ మొత్తం యూట్యూబ్‌లో పెట్టేయాలన్న తొందర కూడా వద్దు.

కాపీలు మూడు ఉండాలి: ఫోనులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్ లాంటి చోట ఒకటి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, 'డాక్యుమెంట్'గా పంపండి. ఫైలుకి తేదీ, పేరు, ఊరు పెట్టండి. 'న్యూ రికార్డింగ్ 7' అని ఉంటే అయిదేళ్ళకి మీకే తెలియదు. గంట మాటని రాతలోకి దించడానికి అయిదారు గంటలు పడుతుంది. అంత తీరిక లేకపోతే ఏ నిమిషంలో ఏ సంగతి ఉందో ఒక పేజీ రాసినా సరిపోతుంది. ఆ పేజీతో పాటు ఒక కాపీ తీసుకుని శాఖా గ్రంథాలయంలో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, ఆయన రెజిమెంట్ సెంటర్లో అడిగి చూడండి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లయితే బెంగళూరు, ఈఎంఈ గానీ ఆర్డినెన్స్ గానీ అయితే సికింద్రాబాద్. ఏ సెంటరన్నది డిశ్చార్జి బుక్కు మొదటి పేజీల్లోనే దొరుకుతుంది.