కొట్టమునకు కిటికీ

సంస్కృతమున కిటికీకి గవాక్షమని పేరు. గవాక్షమనగా ఆవు కన్ను. ఇంగ్లీషువారి ‘విండో’ అను మాట ప్రాచీన నార్సు భాషనుండి వచ్చినది. దాని యర్థము గాలి కన్ను. పశువుల కొట్టమునకు కిటికీ వలయునా, వలసినచో గాలికొఱకా, వెలుతురుకొఱకా అని పాశ్చాత్యదేశములందు చాలకాలము చర్చ జరిగినది. ఆ చర్చ వెనుక పసిబిడ్డల ప్రాణములుండుటచేతనే దానిని నేడు తలచుకొనుచున్నాము.

మొదట ఆ కొట్టములకు కిటికీలే లేవు. ఇంగ్లండులో ఎసెక్సు మండలమున క్రెసింగ్ టెంపుల్ అనుచోట 13వ శతాబ్దినాటి ధాన్యపు కొట్టములు రెండు నేటికిని నిలిచియున్నవి. కప్పు బరువును లోపలి ఓకు స్తంభములే మోయుచున్నవి. అట్టి కొట్టములకు ఎదురెదురుగా పెద్ద తలుపులు పెట్టెడివారు. రెండును తెరచినచో నడుమ గాలి వీచును. ఆ గాలిలో ధాన్యమును తూర్పారబట్టెడివారు. ధాన్యమునకు వెలుతురుతో పనిలేదు. తడి గడ్డి మాత్రము వేడెక్కి తనంతతానే అంటుకొనును గనుక గోడలలో సన్నని చీలికలు విడిచెడివారు.

1696లో ఇంగ్లండు ప్రభుత్వము కిటికీలపై పన్ను విధించినది. 1851వఱకు అది తొలగలేదు. పాలగదులకును జున్నుగదులకును తరువాత మినహాయింపు దొరకినది గాని, ఆ కిటికీకి గాజు ఉండరాదు. గది పేరును వ్రాసియుంచవలెను. పాలకు గాలి చాలును, వెలుతురు భోగమని పన్నులవారు తలచిరి కాబోలు!

1882లో జర్మను వైద్యుడు రాబర్టు కాక్ క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. ఎండ సోకినచో ఆ క్రిమి చచ్చునని 1890లో బెర్లిను వైద్యమహాసభలో ప్రకటించెను. ఆవులకును క్షయ కలదు. రోగియైన ఆవు పాలను కాచకుండ త్రాగిన పిల్లలకు మెడగ్రంథులు వాచెడివి, వెన్నెముక వంగెడిది, కొందఱు మరణించిరి. చీకటి పాకలపై అమెరికా వ్యవసాయశాస్త్రజ్ఞుల దృష్టి పడినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాచార్యుడు కింగ్ 1889లోనే ఒక వృత్తాకార పశుశాలకు గాలిగొట్టములు ఏర్పఱచి, గాలి కిటికీలతో నిమిత్తము లేకుండ ఆడునట్లు చేసియుండెను. ఇక కిటికీకి మిగిలిన పని వెలుతురే. ఒక్కొక్క ఆవుకు 4 చదరపుటడుగుల గాజు ఉండవలెనని రైతులకు చెప్పసాగిరి. వరుసగా కిటికీలు తీర్చిన తెల్లని పశుశాల పరిశుభ్రతకు గుఱుతైనది.

అయినను రోగమును తరిమినది కిటికీ కాదు. ఎండలో క్రిమిని చంపు కిరణములను సామాన్యపు గాజు చాలమట్టుకు అడ్డగించును. ఆ 1890లోనే కాక్ ట్యుబర్క్యులిన్ అను ద్రవమును క్షయకు మందుగా చూపెను. మందుగా అది విఫలమైనది. రోగము పట్టిన పశువును గుర్తించుటకు మాత్రము అమోఘముగా పనిచేసినది. 1917లో అమెరికా ప్రభుత్వము పశువులన్నిటికి ఆ పరీక్ష ప్రారంభించునాటికి సుమారు ఇరువదింట ఒక పశువునకు రోగముండెను. 1940 నాటికి దాదాపు 40 లక్షల పశువులను వధించిరి. కంటికి ఆరోగ్యముగ కనబడు ఆవును చంపెదమనినచో ఏ రైతు ఊరకుండును? 1931లో అయోవా రాష్ట్రమున సీడరు మండలపు రైతులు పశువైద్యులను అడ్డగించిరి. గవర్నరు సైనికులను పంపి పరీక్ష జరిపింపవలసివచ్చెను. రైతులను మూఢులనుట మాకు న్యాయముగ తోచదు; వారి పక్షమున వారి కన్నులే సాక్ష్యము పలికినవి.

ఆ దశాబ్దమందే కొట్టమే మారిపోయినది. సెయింట్ లూయిస్ నగరమున వ్యవసాయక్షేత్రముల నిర్వహణసంస్థ నడిపిన హోవర్డు డోన్, ఆయన సహచరుడు బెర్నన్ పెర్కిన్స్ పునాది లేకుండ గుంజలు పాతి కొట్టములు కట్టించిరి. మన తాటాకు పాకను నిలబెట్టు నిట్రాట యెఱిగినవారికి ఇది క్రొత్త కాదు. భూమిలో చివికిపోకుండ గుంజలకు క్రియోసోటు పట్టించుట, గోడలకును కప్పునకును లోహపురేకులు తొడుగుట అందలి విశేషము. 1953లో పెర్కిన్సునకు ఈ నిర్మాణముపై పేటెంటు లభించెను. పశువుల కొట్టమైనచో దక్షిణపు వైపు గోడయే కట్టక విడిచెడివారు. గాలియు ఎండయు గాజు అడ్డులేకుండ లోపలికి వచ్చెడివి. నాలుగు చదరపుటడుగుల లెక్క అచ్చట అక్కఱలేకపోయినది.

పిమ్మట అట్టి కొట్టములందు ట్రాక్టర్లును కార్లును చేరినవి, తెరచిన వైపు మూసిరి, కిటికీ ప్రశ్న తిరిగి వచ్చినది. నేడు గుంజల గారేజీ కట్టుకొనువాడు ఆలోచించునది క్రిములనుగూర్చి కాదు. క్రింద కిటికీ పెట్టినచో లోని పనిముట్లు దొంగకు కనబడును. చూరుక్రింద ఎత్తున పెట్టినచో వెలుతురు వచ్చును గాని బయట ఎవరు వచ్చినదీ కనబడదు. చూరు వెంబడి కాంతిని పోనిచ్చు రేకు బిగించినచో గాజు ఖర్చు తప్పును, గాలి రాదు. తొందరపడి నిశ్చయింపనక్కఱలేదు. గోడ బరువు మోయుటలేదు. గుంజకు గుంజకు నడుమ కట్టిన పిమ్మటనైనను రేకు కోసి కిటికీ అమర్చవచ్చును. గుంజను మాత్రము కోయరాదు. అంత వెడల్పు కావలసివచ్చినచో ముందుగా పైన దూలము వేసి, కప్పు బరువును ప్రక్క గుంజలకు అప్పగింపవలెను.