పిల్లికూతల లెక్క

1819వ సంవత్సరమున లండనులో జాన్ బోస్టాక్ అను వైద్యుడు ఒక వైద్యసంఘము ముందు ఒక రోగి వృత్తాంతమును చదివెను. ఏటేట వేసవి రాగానే ఆ రోగికి కన్నులు దురదపెట్టి నీరు కారును. తుమ్ములు ఎడతెగక వచ్చును. రొమ్ము బిగిసి ఊపిరి కష్టమగును. ఆ రోగి మరెవరో కాదు, బోస్టాకే. ఇట్టివారు ఇంకను ఉందురేమో యని ఆయన వెదకసాగెను. 1828లో రెండవ వ్యాసము వెలువరించునాటికి ఆయన పోగుచేయగలిగిన రోగులు 28 మంది. పేదలలో ఈ బాధ ఒక్కరికైన ఉన్నట్లు వినలేదని కూడ ఆయన వ్రాసెను. నేడు ఇంగ్లండులో ఒక పెద్ద పాఠశాలలోనే అంతకంటె ఎక్కువమంది దొరకుదురు.

ఈ బాధకు కారణము పుప్పొడియని ప్రయోగములతో చూపినవాడు మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయన గ్రంథము 1873లో వచ్చినది. గాలిపటములకు జిగట పూసిన గాజుపలకలు కట్టి, ఎంత ఎత్తున ఎంత పుప్పొడి యున్నదో ఆయన లెక్కించెను. ఆయనకు ఒక వింత కూడ కనబడినది. పుప్పొడి నడుమనే బ్రతుకు రైతులకు ఈ జబ్బు అరుదు. చదువుకొన్న పట్టణవాసులకే ఎక్కువ. ఈ వింత ఎంతవరకు నిజమో తేలవలెనన్న జనమును లెక్కింపవలెను. పుప్పొడిని లెక్కించుటకంటె అది కష్టమైన పని.

జబ్బుకు పేరు పెట్టువాడు వైద్యుడు. ఒక దేశపు వైద్యుడు ఉబ్బసమనిన దానినే మరొక దేశపు వైద్యుడు శ్వాసనాళముల వాపు అనవచ్చును. వైద్యుడే లేని చోట జబ్బుకు పేరే లేదు. ఇట్లు పేర్లను బట్టి వేసిన లెక్కలలో రోగులెందరో తెలియదు. వైద్యుల అలవాట్లు మాత్రము తెలియును.

1991లో న్యూజీలాండులోని ఆక్లండు పరిశోధకులును, జర్మనీలోని బోఖుం పరిశోధకులును తమ ప్రయత్నములను ఏకము చేసి, బాల్యమునందలి ఉబ్బసము, ఎలర్జీలను గూర్చి ఒక అంతర్జాతీయ పరిశీలనను ప్రారంభించిరి. దాని పొట్టిపేరు ఐజాక్. వీరు జబ్బు పేరును ప్రక్కనబెట్టి, ముందుగా లక్షణమును అడిగిరి. గడచిన పన్నెండు మాసములలో నీ రొమ్ములో కూతలు వచ్చినవా? జలుబు, ఫ్లూ లేనప్పుడు తుమ్ములుగాని, ముక్కు కారుటగాని, దిబ్బడగాని నిన్ను బాధించినవా? దానితోపాటు కన్నులు దురదపెట్టి నీరు కారినవా? 13, 14 ఏండ్లవారిని ఎన్నుకొనుటకు కారణము కలదు. ఆ వయసువారు తమ సంగతి తామే వ్రాసి చెప్పగలరు. తరగతిగదిలో అందరును ఒక్కసారే దొరకుదురు. ఒక్కొక్క కేంద్రమున సుమారు 3,000 మందిని అడుగవలెనని నిర్ణయించిరి.

అయినను భాష అడ్డువచ్చెను. తెలుగులో పిల్లికూతలు అన్నచో పల్లెలోని అవ్వకును తెలియును. ఇట్టి మాట లేని భాషలు పెక్కు కలవు. అందుచే ఒక వీడియో చిత్రమును సిద్ధపరచిరి. ఊరకున్నప్పుడే కూతలు వచ్చువారు, వ్యాయామము తరువాత వచ్చువారు, రాత్రి కూతలతో మేల్కొనువారు, రాత్రి దగ్గువారు, ఊపిరాడక అవస్థపడువారు అందులో కనబడుదురు. ఒక్కొక్క దృశ్యము చూపి, నీకు ఇట్లు ఎప్పుడైన జరిగినదా యని మాత్రమే అడిగిరి. మాట చాలనిచోట కంటికి, చెవికి పని చెప్పిన ఈ ఉపాయము మెచ్చదగినది.

1998లో ఫలితములు వెలువడినవి. 56 దేశములలోని 155 కేంద్రములనుండి 4,63,801 మంది 13, 14 ఏండ్ల పిల్లలు జవాబులిచ్చిరి. ఏడాదిలో కూతలు వచ్చినవారు ఇండొనీషియాలో నూటికి 2.1, బ్రిటనులో 32.2. ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండులు బ్రిటను సరసన నిలిచినవి. చైనా, గ్రీసు, ఇథియోపియా, భారతదేశములు తక్కువ వరుసలో చేరినవి. కన్నుల దురదతో కూడిన ముక్కు బాధ కేంద్రమును బట్టి నూటికి 1.4 మొదలు 39.7 వరకు ఉండెను. ఒకే వయసు, అవే ప్రశ్నలు, ఇంత అంతరము!

పొగయే ఈ జబ్బులకు మూలమన్నచో, మురికిగాలి గల చైనా, తూర్పు ఐరోపాలు పైవరుసలో ఉండవలసినది. ఆ వాదమునకు అంతకు ముందే జర్మనీలో దెబ్బ తగిలియుండెను. 1989లో బెర్లిను గోడ కూలిన తరువాత ఎరికా ఫాన్ మ్యూటియస్ అను వైద్యురాలు, ఆమె సహచరులు, తూర్పున లైప్జిగ్, హాలె నగరముల పిల్లలను పశ్చిమమున మ్యూనిక్ పిల్లలతో పోల్చిరి. వీరు 9 మొదలు 11 ఏండ్లవారు. బొగ్గుపొగ నిండిన తూర్పుననే ఎలర్జీ హెచ్చుగా నుండునని ఎవరైనను తలతురు. శ్వాసనాళముల వాపు తూర్పున హెచ్చుగానే ఉండెను. చర్మపరీక్షలో ఎలర్జీ తేలినవారు మాత్రము మ్యూనిక్‌లో నూటికి 36.7, తూర్పున 18.2. మరల 1995, 1996లలో లైప్జిగ్ పిల్లలను పరీక్షింపగా, నూటికి 2.3గా నుండిన పుప్పొడి జలుబు 5.1కి పెరిగియుండెను. ఉబ్బసమున చెప్పుకోదగిన మార్పు లేదు. ఉన్న ఉబ్బసమును పొగ రెచ్చగొట్టుననుట వేరు సంగతి, అది నిజమే.

మన దేశము తక్కువ వరుసలో నున్నదన్న మాటకు ఒక అనుబంధము కలదు. ఐజాక్ తరువాత గ్లోబల్ ఆస్త్మా నెట్‌వర్క్ అను సంస్థ అదే పద్ధతిని కొనసాగించినది. ఈసారి పిల్లలతోపాటు తల్లిదండ్రులను కూడ అడిగిరి. 2022లో ప్రకటితమైన భారతదేశపు ఫలితములలో, ఏడాదిలో కూతలు వచ్చినవని చెప్పినవారిలో నూటికి 82 మందికి అది ఉబ్బసమని ఏ వైద్యుడును చెప్పియుండలేదు.