జోస్లిన్ మధుమేహ కేంద్రం

జోస్లిన్ మధుమేహ కేంద్రం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బోస్టన్ నగరంలో ఉన్న మధుమేహ చికిత్స, పరిశోధన సంస్థ. ఎలియట్ ప్రోక్టర్ జోస్లిన్ (1869–1962) 1898లో ప్రారంభించిన వైద్యశాల దీనికి మూలం.

చరిత్ర

ఇన్సులిన్ రాకముందు కఠిన పథ్యమే ప్రధాన చికిత్స. దానివలన బాలరోగుల ఆయుష్షు కొంత పెరిగినా, ప్రాణం దక్కేది కాదు. 1922లో జోస్లిన్ ఇన్సులిన్ చికిత్స ఆరంభించాడు. 1924లో చేరిన ప్రిసిల్లా వైట్ మధుమేహం గల గర్భిణుల సంరక్షణకు విశేష కృషి చేసింది.

రోగులకు శిక్షణ

రోజూ ఆహారాన్ని, మందును సరిచూసుకోవలసినది రోగియే కనుక అతనికి విద్య తప్పనిసరి అని జోస్లిన్ భావించాడు. 1918లోనే రోగుల కోసం ఒక కరదీపిక ప్రచురించాడు. ఆహారం తూచుకోవడం, మూత్రంలో చక్కెరను పరీక్షించుకోవడం, ఇన్సులిన్ సూది వేసుకోవడం, పాదాలను కాపాడుకోవడం రోగులకు నేర్పేవారు. ఇన్సులిన్‌పై ఆధారపడి 50 ఏళ్ళు జీవించినవారికి పతకమిచ్చే సంప్రదాయం 1970లో మొదలైంది.